అంతరిక్షం నుంచి ఇల్లు చేరడం ఎలా? మా మేడ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

2025 మార్చి 19 తెల్లవారుజామున మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలకు సునీతా విలియమ్స్ ఉన్న క్యాప్సూల్ ఫ్లోరిడా తీరం దగ్గర సముద్రంలో దిగింది. ఆ వేళ విజయవాడ సత్యనారాయణపురంలోని మా అపార్ట్‌మెంటులో ఆరేడు ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయి. నాలుగు గంటలకు పాలు వేయడానికి వచ్చిన అబ్బాయి మెట్ల దగ్గరే ఆగిపోయి, "ఎవరికైనా ఒంట్లో బాగోలేదా మాస్టారూ?" అని అడిగాడు. "లేదు, అందరూ క్షేమంగా దిగారు" అన్నాను. "ఎక్కడి నుంచి?" అన్నాడు.

అక్కడ మొదలైన ప్రశ్నలు ఇప్పటికీ ఆగలేదు. నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడిని. అంతరిక్ష కేంద్రం మన ఊరి మీదుగా వెళ్లే సాయంత్రాల్లో చుట్టుపక్కల వాళ్లు మా మేడ మీద చేరతారు. అది ఆరు నిమిషాల్లో వెళ్లిపోతుంది, ప్రశ్నలు మాత్రం గంటన్నర సాగుతాయి. ఎక్కువమంది అడిగినవి ఇక్కడ రాసి పెట్టాను.

అంతరిక్ష కేంద్రం నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులోనే ఉందట. అంత దగ్గరైతే దిగడానికి ఇంత హడావుడి ఎందుకు?

దూరం అసలు సమస్యే కాదు. విజయవాడ నుంచి చెన్నైకి వెళ్లే రోడ్డును నిట్టనిలువుగా నిలబెడితే ఇంచుమించు అక్కడికి చేరుతుంది. చిక్కంతా వేగంతో. ఆ కేంద్రం గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, అంటే సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైమాటే. మన బస్సు పండిట్ నెహ్రూ బస్టాండులో బయల్దేరి, కనకదుర్గ వారధి దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు చేరడానికి గంట పడుతుంది. అదే దూరం వాళ్లకు ఐదు సెకన్లు.

ఈ వేగమే వాళ్లను కింద పడకుండా కక్ష్యలో ఉంచుతోంది. కాబట్టి పైకి వెళ్లడమంటే ఎత్తెక్కడం కన్నా ముఖ్యంగా వేగం సంపాదించడం. తిరిగి రావడమంటే సంపాదించినదంతా వదిలించుకోవడం. సంపాదించడానికి వందల టన్నుల ఇంధనం తగలబెట్టారు. వదిలించుకోవడానికి కూడా ఇంజన్లనే నమ్ముకుంటే ఎంతో ఇంధనాన్ని పైకి మోసుకెళ్లాలి, దాన్ని మోయడానికి మరింత పెద్ద రాకెట్టు కావాలి. అది తెమిలే పని కాదు. అందుకని ఉచితంగా దొరికే గాలినే బ్రేకుగా వాడుకుంటారు. మంటలు, మాట అందని నిమిషాలు, పారాచూట్లు అన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కదా, మరి కిందికి ఎలా పడతారు?

ఉంటుంది. ఆ ఎత్తులో కూడా భూమి మీద ఉన్నదానిలో దాదాపు తొంభై శాతం ఉంటుంది. వాళ్లు తేలుతున్నట్టు కనిపించడానికి కారణం, కేంద్రంతో సహా అందరూ నిరంతరం పడుతూనే ఉండటం. పడుతున్నంత సేపూ పక్కకు అంత వేగంగా దూసుకుపోతుంటారు కాబట్టి, నేల కూడా వాళ్ల కింద నుంచి వంగి తప్పుకుంటూ పోతుంది.

ఆ వేగాన్ని కాస్త తగ్గిస్తే చాలు, దారి కిందికి వంగుతుంది. రష్యా వాళ్ల సోయుజ్ నౌక వెనక్కి తిరిగి ఇంజన్‌ను నాలుగు నిమిషాల నలభై సెకన్ల పాటు మండిస్తుంది. దాంతో తగ్గేది సెకనుకు 128 మీటర్లే, మొత్తం వేగంలో రెండు శాతం కూడా కాదు. మిగిలిన తొంభై ఎనిమిది శాతం సంగతి గాలి చూసుకుంటుంది.

కేంద్రం నుంచి విడిపోయాక ఎంతసేపట్లో దిగుతారు?

సోయుజ్ అయితే మూడున్నర గంటలు. సునీతా విలియమ్స్ వచ్చిన, అమెరికాలోని స్పేస్‌ఎక్స్ కంపెనీ వాళ్ల డ్రాగన్ క్యాప్సూల్‌కు పదిహేడు గంటలు పట్టింది, 2025 జులైలో మన శుభాంశు శుక్లా వచ్చిన డ్రాగన్‌కు ఇరవై రెండు గంటలకు పైనే. నౌక దిగాల్సిన చోటు సరిగ్గా తన దారి కిందికి వచ్చే దాకా ఆగాలి, అక్కడ గాలి, అలలు నెమ్మదిగా ఉండాలి. ఆ వేచి ఉండే సమయమే ఎక్కువ. అసలు దిగడం, అంటే ఇంజన్ మండించినప్పటి నుంచి నీళ్లను తాకే దాకా, గంటలోపు ముగుస్తుంది.

దిగేటప్పుడు క్యాప్సూల్ చుట్టూ నిప్పు ఎందుకు?

"గాలి రాపిడి వల్ల" అని మన పుస్తకాల్లో, పేపర్లలో రాస్తారు. నేనూ కొన్నేళ్లు క్లాసులో అలాగే చెప్పాను. ఆ బ్యాచ్‌ల పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే మన్నించాలి. రాపిడి ఉంది గాని దాని వాటా చిన్నది.

మేడ మీద నేనొక పాత సైకిల్ పంపు ఉంచుతాను. కొసన ఉన్న రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి, పిడిని పదిపన్నెండు సార్లు బలంగా నొక్కమంటాను. తర్వాత గొట్టం అడుగుభాగాన్ని తాకమంటాను. మూడో అంతస్తు కుర్రాడు "అమ్మో" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గాలిని పారిపోనివ్వకుండా గబగబా నొక్కితే వేడెక్కుతుంది, అంతే. సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే క్యాప్సూల్ ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఎక్కడిది? అక్కడికక్కడే నలిగి, మెరుస్తూ మండే పొరలా తయారవుతుంది. డ్రాగన్ ఉపరితలం దాదాపు 1,900 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. మన రోహిణి కార్తె ఎండను 45 డిగ్రీలనుకుంటే, దానికి నలభై రెట్లని ఒక పిల్ల వెంటనే లెక్క కట్టేసింది. ఉష్ణోగ్రతలను అలా హెచ్చించకూడదని చెప్పాను గాని, ఆమె చెప్పాలనుకున్నది అందరికీ అర్థమైంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే విషయం ఒకటుంది. వేగంగా వెళ్లేదానికి ముక్కు సూదిగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు, మొదట్లో ఇంజనీర్లూ అలాగే అనుకున్నారు. 1950ల మొదట్లో అమెరికాలో హెచ్. జూలియన్ ఆలెన్ అనే శాస్త్రవేత్త అందుకు సరిగ్గా వ్యతిరేకంగా చెప్పాడు: మొద్దుగా చేయండి. మొద్దు అడుగు గాలిని బలంగా తోస్తుంది, దాంతో మండే పొర నౌకకు అంటుకోకుండా కాస్త దూరంగా ఏర్పడుతుంది, వేడిలో ఎక్కువ భాగం పక్కనుంచి గాలిలోకే పోతుంది. అందుకే అన్ని క్యాప్సూళ్లకూ అడుగు పళ్లెంలా వెడల్పుగా ఉంటుంది, పడేటప్పుడు ఆ అడుగు భాగమే ముందుంటుంది. ఆ పళ్లెమే ఉష్ణకవచం. డ్రాగన్‌కైతే కార్బన్ పీచులో రెజిన్ దట్టించి దీన్ని చేస్తారు. అది వేడికి పైపొర మాడి, బొగ్గై, వాయువులుగా మారిపోతూ తనతో పాటు వేడిని కూడా పట్టుకుపోతుంది. తాను కాలుతూ లోపలి మనుషులను కాపాడుతుంది.

మధ్యలో కొద్ది నిమిషాలు మాట అందదట, నిజమేనా?

నిజమే. ఆ మండే పొరలో అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి ప్లాస్మా అవుతుంది. రేడియో తరంగాలు దాన్ని దాటలేవు. డ్రాగన్ విషయంలో ఐదారు నిమిషాల పైన ఉంటుంది. టీవీలో వ్యాఖ్యాతలు కూడా ఆ సమయంలో గొంతు తగ్గిస్తారు, మీరు గమనించే ఉంటారు.

లోపలివాళ్లకు ఎలా ఉంటుంది?

బస్సు డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేస్తే ముందుకు తూలుతాం. ఇది అలాంటి బ్రేకే, కాని నిమిషాల తరబడి వేస్తూనే ఉంటారు. మామూలుగా శరీరం బరువు నాలుగు రెట్లయినట్టు అనిపిస్తుంది. అరవై కిలోల మనిషికి రెండు వందల నలభై కిలోలన్నమాట. నెలల తరబడి ఏ బరువూ ఎరగని ఒంటికి ఇది ఒక్కసారిగా వచ్చి పడుతుంది. వెల్లకిలా పడుకున్నట్టు కూర్చోబెడతారు కాబట్టి తట్టుకుంటారు. నిలువుగా కూర్చుంటే రక్తం తల నుంచి కాళ్లలోకి జారి స్పృహ పోతుంది.

అన్నిసార్లూ నాలుగు దగ్గరే ఆగదు. 2008 ఏప్రిల్ 19న పెగ్గీ విట్సన్, యూరీ మలెంచెంకో, దక్షిణ కొరియాకు చెందిన యీ సో-యోన్ వస్తున్న సోయుజ్‌లో ఒక భాగం సకాలంలో సరిగ్గా విడిపోలేదు. క్యాప్సూల్ నిటారు దారిలో రాయిలా దిగింది. బరువు ఎనిమిది రెట్లు దాటింది. దిగాల్సిన చోటికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఇవతల కజకిస్థాన్ గడ్డి మైదానంలో పడింది. ముగ్గురూ బతికి బయటపడ్డారు. అదే పెగ్గీ విట్సన్ పదిహేడేళ్ల తర్వాత, 2025లో, శుభాంశు శుక్లా వెళ్లి వచ్చిన బృందానికి కమాండర్. ఒకసారి ఎనిమిది రెట్లు బరువు మోసిన మనిషి మళ్లీ మళ్లీ వెళ్లిందంటే ఆమె గుండె ధైర్యానికి దండం పెట్టాలి.

పారాచూట్లు ఎప్పుడు తెరుచుకుంటాయి? ఒకటి తెరుచుకోకపోతే?

డ్రాగన్‌కు ముందు రెండు చిన్నవి దాదాపు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తులో తెరుచుకుంటాయి. అప్పటికి వేగం గంటకు 560 కిలోమీటర్లకు తగ్గి ఉంటుంది, అంటే గాలి పని దాదాపు అయిపోయినట్టే. తర్వాత 1,800 మీటర్ల దగ్గర నాలుగు పెద్దవి విచ్చుకుంటాయి. నీళ్లను తాకేటప్పటికి వేగం గంటకు పాతిక కిలోమీటర్లు, ఏలూరు రోడ్డు మీద ఆటో పోయే వేగం. నాలుగింటిలో ఒకటి మొరాయించినా మిగిలిన మూడూ సురక్షితంగా దించేలా తయారుచేశారు.

కొందరు సముద్రంలో, కొందరు నేల మీద ఎందుకు దిగుతారు?

ఎవరి దేశానికి ఏది ఎక్కువగా ఉంటే అది. అమెరికాకు రెండు పక్కలా సముద్రం, బలమైన నౌకాదళం ఉన్నాయి. రష్యా వాళ్లు కజకిస్థాన్‌లో చెట్టూ చేమా లేని మైదానాలను వాడుకుంటారు, చైనా వాళ్లు గోబీ ఎడారి వైపు దిగుతారు. 1984 ఏప్రిల్ 11న మన రాకేశ్ శర్మ దిగింది కూడా కజకిస్థాన్ నేల మీదే, అర్కలిక్ అనే ఊరికి దగ్గర్లో.

నేల మీద దిగడం సులువనుకోకండి. సోయుజ్ నేలకు ఇంకా మీటరు కూడా దూరం లేనప్పుడు అడుగున చిన్న రాకెట్లు ఒక్క క్షణం పేలి వేగాన్ని తగ్గిస్తాయి. దాన్ని "మెత్తని దిగుడు" అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు అందులో కూర్చుని ఉండరని నా అనుమానం, ఎందుకంటే కూర్చుని వచ్చినవాళ్లు దాన్ని కారు ప్రమాదంతో పోల్చారు. ఆ దెబ్బకు వెన్ను దెబ్బతినకుండా ప్రతి వ్యోమగామికీ వీపు అచ్చు తీసి, దానికి సరిపోయేలా సీటు పోత పోస్తారు. అచ్చు తీసేటప్పుడు తల దగ్గర కొంచెం జాగా వదులుతారు. పైన వెన్నుపూసల మధ్య ఒత్తిడి లేక మనిషి మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు సాగుతాడు మరి. కిందికి వచ్చాక కొద్ది రోజుల్లో మళ్లీ మామూలు ఎత్తే.

దిగగానే సునీతను స్ట్రెచర్ మీద ఎందుకు తీసుకెళ్లారు? అంత జబ్బు చేసిందా?

మా మేడ మీద అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇది. టీవీలో ఆ దృశ్యం చూసి మా కింది ఇంటి పిన్నిగారు ఏడ్చేశారు కూడా. జబ్బు కాదు. నడవలేక కాదు, నడవనివ్వరు. కేంద్రంలో నెలలు గడిపి వచ్చినవాళ్లందరికీ ఇదే పద్ధతి.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మన గుండె, రక్తనాళాలు పొద్దస్తమానం కాళ్లలోకి జారే రక్తాన్ని పైకి తోసే పనిలో ఉంటాయి. పైన జారడం లేదు కాబట్టి ఒంట్లోని ద్రవం తలవైపు చేరుతుంది. ముఖం ఉబ్బుతుంది, కాళ్లు కొంగ కాళ్లలా సన్నబడతాయి. ఒంట్లో నీళ్లు ఎక్కువైనట్టు భ్రమపడి శరీరం కొంత బయటికి పంపేస్తుంది. ఇక కిందికి దిగి లేచి నిలబడితే ఉన్న కాస్త రక్తమూ కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి. దీనికి విరుగుడుగా దిగే ముందు ఉప్పు మాత్రలు, నీళ్లు తాగిస్తారు, కాళ్లకు బిగుతైన తొడుగులు వేస్తారు. ఎండలో తిరిగి వచ్చిన పిల్లలకు మన ఇళ్లలో ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వడానికీ దీనికీ సూత్రం ఒకటే.

రెండోది చెవి. లోపలి చెవిలో ఏది పైన, ఏది కింద అని చెప్పే అమరిక ఒకటి ఉంది. పైన దానికి పని లేక మెదడు దాని మాట వినడం మానేస్తుంది. కింద దిగగానే అది మళ్లీ అరవడం మొదలుపెడుతుంది. తల కొంచెం తిప్పినా గది మొత్తం తిరిగినట్టు ఉంటుంది, వాంతులవుతాయి.

మూడోది ఎముకలు, కండరాలు. ఇది నాకు స్వయంగా కొంత తెలుసు. పన్నెండేళ్ల కిందట స్కూటర్ మీంచి పడితే ఎడమ కాలికి ఆరు వారాలు పిండికట్టు వేశారు. కట్టు విప్పిన రోజు నా పిక్కను నేనే గుర్తుపట్టలేదు. చర్మం వదులై, కుడికాలిలో సగం ఉన్నట్టు కనిపించింది. మంచం అంచు పట్టుకుని నిలబడితే పాదం నేలను తాకుతోందో లేదో తెలియలేదు. ఆరు వారాలు, ఒక్క కాలు. వాళ్లకు తొమ్మిది నెలలు, మొత్తం ఒళ్లు. నడుము, తుంటి, కాళ్ల ఎముకల్లో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా సాంద్రత తగ్గవచ్చు. దీన్ని అడ్డుకోవడానికే అక్కడ రోజుకు రెండు గంటలు తప్పనిసరిగా వ్యాయామం చేస్తారు: రబ్బరు పట్టీలతో కట్టుకుని ట్రెడ్‌మిల్ మీద పరుగు, సైకిలు, బరువులకు బదులు లాగే యంత్రం.

అరికాళ్ల సంగతి ఎవరూ అడగరు గాని చెబుతాను. అక్కడ నడవరు కాబట్టి కింది చర్మం మెత్తబడి, గట్టి పొర ఊడిపోతుంది. పట్టుకుని తేలడానికి పాదం పైభాగాన్ని కడ్డీల కింద దూరుస్తారు కాబట్టి అక్కడ కాయ కాస్తుంది. తిరిగి వచ్చాక చెప్పు లేకుండా నాలుగు అడుగులు వేయాలన్నా పసిపాదాలే.

ఇంత చెప్పాక కూడా ఒక మినహాయింపు ఉంది. రష్యన్ డాక్టర్ వలెరీ పొల్యకోవ్ వరసగా 437 రోజులు మీర్ కేంద్రంలో గడిపి 1995 మార్చి 22న దిగాడు. క్యాప్సూల్ నుంచి పక్కనే ఉన్న కుర్చీ దాకా తనే నడిచి వెళ్లి కూర్చున్నాడు. అంగారకుడి దాకా వెళ్లినవాళ్లు అక్కడ ఎవరి సాయం లేకుండా నిలబడగలరని చూపించడం ఆయన పట్టుదల. ఒకే ప్రయాణంలో అన్ని రోజులు గడిపిన రికార్డు ఇంకా ఆయనదే.

పూర్తిగా మామూలు మనిషి కావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

నాసాలో 45 రోజుల కార్యక్రమం ఉంది, రోజుకు రెండు గంటలు. మొదట నిలబడటం, తిరగడం, నడక. తర్వాత బలం. తలతిరుగుడు చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. కండరాలు వారాల్లో తిరిగి వస్తాయి. ఎముకలది మాత్రం నెమ్మది నడక, కొందరికి ఏడాది గడిచినా పూర్తిగా పూడదు. అందుకే సముద్రంలో దిగిన తేదీని నేను తిరుగు ప్రయాణం ముగిసిన తేదీగా లెక్కపెట్టను. నౌక తన వేగాన్ని గంటలోపు వదిలించుకుంటుంది, ఒళ్లు తన అలవాట్లను వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. గ్లాసును గాలిలో వదిలేస్తే అక్కడే ఉంటుందని చెయ్యి ఇంకా నమ్ముతూ ఉంటుందని చాలామంది వ్యోమగాములు చెప్పారు.

ఎనిమిది రోజులని వెళ్లి తొమ్మిది నెలలు ఎందుకు ఉండిపోయారు?

సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2024 జూన్ 5న బోయింగ్ స్టార్‌లైనర్‌లో బయల్దేరారు. మనుషులతో దానికది మొదటి ప్రయాణం. దారిలో హీలియం లీకులు బయటపడ్డాయి, దారి మళ్లించే చిన్న ఇంజన్లు కొన్ని మొరాయించాయి. మనుషులను అందులో వెనక్కి పంపడం వద్దని నాసా నిర్ణయించింది. సెప్టెంబరులో ఆ నౌక ఖాళీగా న్యూ మెక్సికోలో దిగింది, క్షేమంగానే దిగింది. "చూశారా, వచ్చి ఉండాల్సింది" అని కొందరన్నారు. పాస్ మార్కులు వచ్చాక పరీక్ష సులువని చెప్పడం లాంటిది ఆ మాట.

తర్వాత వెళ్లిన డ్రాగన్‌లో ఇద్దరే, నిక్ హేగ్, అలెగ్జాండర్ గోర్బునోవ్, రెండు సీట్లు ఖాళీగా పెట్టుకుని వెళ్లారు. ఆ రెండు సీట్లు వీళ్లవి. అప్పటి నుంచి వచ్చే దారి ఉంది, అయితే తమ తర్వాతి బృందం వచ్చి బాధ్యతలు తీసుకునే దాకా ఆగారు. మొత్తం 286 రోజులు, భూమి చుట్టూ 4,576 ప్రదక్షిణలు. మా ఎదురింటి బామ్మగారు ప్రదక్షిణల లెక్క విని రెండు చేతులూ జోడించారు.

ఇలాంటిది ఇదొక్కటే కాదు. ఫ్రాంక్ రూబియో ఆరు నెలలని వెళ్లి, తన సోయుజ్‌లో చల్లబరిచే ద్రవం కారిపోవడంతో 371 రోజులు ఉండి 2023 సెప్టెంబరులో వచ్చాడు. 2025 నవంబరులో చైనా వ్యోమగాముల నౌక కిటికీలో పగుళ్లు కనిపించడంతో వాళ్లు తొమ్మిది రోజులు ఆలస్యంగా వేరే నౌకలో దిగారు.

మరి ఆ అదనపు రోజులకు ఓవర్‌టైమ్ ఇస్తారా?

ఇవ్వరు. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు, అది అధికారిక ప్రయాణం. మామూలు జీతంతో పాటు చిల్లర ఖర్చులకు రోజుకు ఐదు డాలర్లు. ఈ జవాబు విని మా బ్లాకులోని రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరుగారు నవ్విన నవ్వు ఇక్కడ రాయలేను.

సునీత బాగా చిక్కిపోయారని ఫొటోలు వచ్చాయి కదా?

మధ్యలో ఆ ప్రచారం జరిగింది. వచ్చినప్పుడు ఎంత బరువు ఉన్నానో ఇప్పుడూ అంతే ఉన్నానని ఆమె పైనుంచే చెప్పారు. ద్రవాలు స్థానం మారితే ముఖం తీరు మారుతుంది. ఫొటో చూసి జబ్బు చెప్పేవాళ్లను నమ్మకండి.

అక్కడ ఉంటే వయసు తగ్గుతుందట?

ఆరు నెలలకు సెకనులో సుమారు 0.005 వంతు. అంత వేగంతో కదిలే గడియారం మన గడియారం కన్నా ఆ మేరకు వెనకబడుతుంది. ఐన్‌స్టీన్ చెప్పింది నిజమని తేలడానికి సరిపోతుంది, జుట్టుకు రంగు మానడానికి సరిపోదు.

ఇది ఎంత ప్రమాదం? కల్పనా చావ్లా విషయంలో ఏం జరిగింది?

2003 ఫిబ్రవరి 1, శనివారం. మనకు రాత్రి ఏడున్నర. కొలంబియా షటిల్ పదహారు రోజుల ప్రయాణం ముగించి వస్తోంది, దిగడానికి పదహారు నిమిషాలే ఉంది. నేను ట్యూషన్ ముగించి ఇంటికి వచ్చేసరికి టీవీలో నీలాకాశం మీద ఒక తెల్లని గీత నాలుగైదు గీతలుగా చీలిపోతూ కనిపించింది. ఏమిటో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. బయల్దేరేటప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచును తాకి చిల్లు చేసింది. పైన ఉన్నన్నాళ్లూ ఆ చిల్లు వల్ల ఏమీ కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు, పైన చెప్పిన ఆ మండే గాలి అందులోంచి రెక్కలోకి చొరబడింది. ఏడుగురూ పోయారు. ఆ సోమవారం క్లాసులో పాఠం చెప్పలేదు, పిల్లలు అడగనూ లేదు.

అంతకు ముందు 1971 జూన్ 30న సోయుజ్-11లో ముగ్గురు సోవియట్ వ్యోమగాములు, దోబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పట్సాయెవ్, క్యాప్సూల్ మామూలుగానే దిగినా లోపల ప్రాణాలు లేకుండా కనిపించారు. భాగాలు విడిపోయేటప్పుడు ఒక వాల్వు తెరుచుకుని గాలంతా బయటికి పోయింది. అప్పటికి వాళ్లు ప్రత్యేక సూట్లు వేసుకునేవాళ్లు కాదు. ఈ రోజు సోయుజ్‌లో వచ్చే ప్రతి వ్యోమగామీ దిగేటప్పుడు, లోపలి గాలి పోయినా కాపాడే సూటు వేసుకుని కూర్చోవడం ఆ ముగ్గురి వల్లే.

మన గుంటూరు వైపు అమ్మాయి శిరీష బండ్ల కూడా వెళ్లి వచ్చారు కదా, ఆమెకూ ఇంత వేడి తగిలిందా?

గుంటూరు ప్రాంత మూలాలున్న శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. బంతిని పైకి విసిరితే వెళ్లి వచ్చినట్టు నేరుగా పైకి, నేరుగా కిందికి, కక్ష్యలోకి కాదు. భారరహిత స్థితి కొద్ది నిమిషాలే. ఆ వేగం ధ్వని వేగానికి మూడు రెట్లు, కక్ష్యలో ఉండేవాళ్ల వేగం ఇరవై రెట్లకు పైనే. సంపాదించిన వేగమే తక్కువైతే వదిలించుకోవాల్సిందీ తక్కువే, కాబట్టి ఆ స్థాయి వేడి ఉండదు. ఆమె సాహసం ఇందువల్ల తగ్గదు, ప్రయాణం రకం వేరు.

మనవాళ్లు గగన్‌యాన్‌లో వెళ్తే ఎలా వస్తారు?

క్యాప్సూల్‌లోనే, పారాచూట్లతో, సముద్రంలోకి. ఈ పని మనం చాలాకాలంగా నేర్చుకుంటున్నాం, పేపర్లలో మొదటి పేజీకి రానంత నెమ్మదిగా. 2007 జనవరి 22న ఎస్ఆర్ఈ-1 అనే 550 కిలోల చిన్న క్యాప్సూల్‌ను పన్నెండు రోజులు కక్ష్యలో తిప్పి, శ్రీహరికోటకు తూర్పున దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో దించారు. కక్ష్యలోకి పంపినదాన్ని చెక్కుచెదరకుండా వెనక్కి తెచ్చుకోవడం మనకు అదే మొదలు. నా దృష్టిలో మన దేశానికి అది ఎంతో గొప్ప రోజు, దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. 2014 డిసెంబరు 18న మనుషులు పట్టే పరిమాణంలో ఖాళీ క్యాప్సూల్‌ను పంపి అండమాన్ వైపు దించారు. 2023 అక్టోబరు 21న ప్రమాదం వస్తే రాకెట్టు నుంచి తప్పించే ఏర్పాటును పరీక్షించారు. అప్పుడు క్యాప్సూల్ నీళ్లలో తలకిందులుగా తేలింది, నౌకాదళం ఒడ్డుకు చేర్చింది. 2025 ఆగస్టు 24న ఐదు టన్నుల నమూనాను హెలికాప్టర్‌తో మూడు కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలి పారాచూట్లు చూసుకున్నారు.

తిరిగి వచ్చాక మొదట ఏం తింటారు? దిష్టి తీస్తారా?

ఈ రెండూ బామ్మగారి ప్రశ్నలు. సునీతా విలియమ్స్ ఇంటికి వచ్చాక చీజ్ పెట్టి కాల్చిన శాండ్‌విచ్ తిన్నారు. నాన్నగారు శాకాహారి కావడం వల్ల అది తినగానే ఇల్లు గుర్తొచ్చిందని చెప్పారు. శుభాంశు శుక్లా వెళ్లేటప్పుడే క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం పట్టుకెళ్లారు. "నూజివీడు రసాలు పంపాల్సింది" అన్నది బామ్మగారి అభిప్రాయం. దిష్టి సంగతికొస్తే, కజకిస్థాన్‌లో దిగినవాళ్లకు రొట్టె, ఉప్పు ఇచ్చి, అక్కడి సంప్రదాయపు అంగీ, టోపీ తొడిగి స్వాగతం చెబుతారు. దాదాపు హారతే.

క్యాప్సూల్ దిగడం విజయవాడ నుంచి కనిపిస్తుందా?

కనిపించదు, వాళ్లు దిగే చోట్లు మనకు చాలా దూరం. కేంద్రం మాత్రం బాగా కనిపిస్తుంది. సూర్యాస్తమయం తర్వాత గంటన్నరలోపు, లేదా తెల్లవారేముందు అంతే వ్యవధిలో చూడాలి. అప్పుడు మనకు చీకటి, దానికి ఇంకా ఎండ. పడమటి దిక్కున ఎక్కడో మొదలై మినుకుమినుకుమనకుండా, విమానంలా ఎర్ర దీపాలు లేకుండా, నిలకడగా తెల్లగా కదులుతుంది. కొన్నిసార్లు నడినెత్తి మీదికి వచ్చాక హఠాత్తుగా మసకబారి మాయమవుతుంది, భూమి నీడలోకి దూరినట్టు. ప్రకాశం బ్యారేజీ మీదైతే ఆకాశం విశాలంగా ఉంటుంది గాని బండ్ల లైట్లు కళ్లలో పడతాయి. భవానీపురం వైపు ఘాట్ల మెట్లు మేలు. ఏ రోజు ఎన్ని గంటలకో నాసా యాప్‌లో ఊరి పేరు ఇస్తే చెబుతుంది. బైనాక్యులర్ అవసరం లేదు.

మా మేడ మీదికి రావాలనుకునేవాళ్లకు ఒక్క మాట. లిఫ్టు నాలుగో అంతస్తు దాకానే, తర్వాత ఇరవై రెండు మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పది నిమిషాలు ముందుగా బయల్దేరండి, అది మన కోసం ఆగదు.